నచ్చలేదంటే అర్థం కానట్టేనా?

పాలో కొయెలో నవల ‘ఆల్కెమిస్ట్’ నచ్చలేదనగానే, ‘నీకు అర్థం కాలేదు, మళ్లీ చదువు’ అంటారు. ఇదెక్కడి న్యాయమండీ? అర్థమయ్యే నచ్చలేదు.

కలలో కనిపించిన నిధి కోసం దూరదేశం పోవడం, తీరా అది బయల్దేరిన చోటే ఉందని తెలియడం. అరేబియన్ నైట్స్‌లో ఒకటి రెండు పేజీల్లో తేలిపోయే కథ ఇది, పారశీక కవి రూమీ కావ్యం ‘మస్నవీ’లోనూ ఉంది. 1988 నాటి ఈ నవల దాన్నే సాగదీసింది. సాగదీతలో సూక్తులు పెరిగాయి గానీ మనుషులు పెరగలేదు. ఫాతిమానే చూడండి. బావి దగ్గర కనబడుతుంది, మర్నాడే కథానాయకుడు శాంటియాగో పెళ్లి మాటెత్తుతాడు, ఆమె ఎడారిలో ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆమెకంటూ వేరే కథే లేదు. ఇక శకునాలు! ‘శకునం’ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోతే తెలుస్తుంది, కథని ఎన్నిసార్లు అదే తిప్పిందో.

నచ్చినవాళ్లతో పేచీ లేదు. ఇన్ని కారణాలు చెబుతుంటే వినకుండా జాలిగా చూస్తారే, అదీ మండేది.