సీసా పోస్తే కార్బన్ మొత్తం పోతుందా? ఆ ఫార్వర్డ్ మాటల్లో నిజమెంత

కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ప్రతి 5,000 కిలోమీటర్లకు పెట్రోల్ ట్యాంకులో ఒక సీసా ఫ్యూయల్ అడిటివ్ పోయండి. ఇంజిన్‌లో కార్బన్ మొత్తం కరిగిపోతుంది. మైలేజీ 20 శాతం పెరుగుతుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్లో చేరిన నీళ్లు పోతాయి. సీసా దొరక్కపోతే రెండు కలరా ఉండలు వేసినా అదే పని చేస్తాయి." ఇందులో మొదటి మాటలో మాత్రం కాస్త నిజం ఉంది. మిగతావి నమ్మితే డబ్బులు దండగ, ఒక్కోసారి బండికీ చేటు.

"కార్బన్ మొత్తం కరిగిపోతుంది"

పెట్రోల్లో కలిపిన మందు పెట్రోల్ తగిలే చోటే పని చేస్తుంది. అందుకే ముందు మన బండిలో పెట్రోల్ ఏ దారిన వెళ్తుందో చూడాలి.

వేగన్ఆర్, స్విఫ్ట్, పంచ్ లాంటి బండ్లలో ఇంజెక్టర్ పెట్రోల్‌ని ఇన్‌టేక్ వాల్వ్ (సిలిండర్‌లోకి గాలిని వదిలే తలుపు) వెనక భాగం మీద చల్లుతుంది. అక్కడ పేరుకున్న మసిని మంచి డిటర్జెంట్ ఉన్న అడిటివ్ కొంత కడగగలదు. వెన్యూ, సెల్టోస్, టైగన్, కుషాక్‌ల టర్బో పెట్రోల్ ఇంజిన్లలో అలా కాదు. వాటిలో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్ లోపలికే కొడుతుంది. ఇన్‌టేక్ వాల్వ్‌కి పెట్రోల్ చుక్క కూడా తగలదు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం ఆ వేడి వాల్వ్ కాడకు అంటుకుని, మాడి, తారులా గట్టిపడుతుంది. ట్యాంకులో పది సీసాలు పోసినా అది కదలదు.

దాన్ని తీయాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) విప్పి అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టాలి. ఒక్కో సిలిండర్‌కి ముందు క్రాంక్ తిప్పి దాని ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసుకున్నాయో లేదో చూసుకోవాలి. తెరిచి ఉన్న వాల్వ్ మీద కొడితే పొడి సిలిండర్‌లో పడుతుంది.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తిరిగే పలకతో అదుపు చేసే థ్రాటిల్ బాడీ సంగతీ అంతే. అక్కడ గాలి తప్ప పెట్రోల్ ఉండదు. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో బండి ఊగుతుంటే చాలాసార్లు ఆ పలక అంచున చేరిన నల్లటి జిడ్డే కారణం. క్లీనర్‌ని మెత్తటి బట్ట మీద కొట్టి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే పలకను వేలితో బలంగా నెట్టకండి, లోపలి ప్లాస్టిక్ గేర్లు దెబ్బతింటాయి. తుడిచాక చాలా మోడళ్లకు స్కానర్‌తో ఐడిల్ రీసెట్ చేయాల్సి ఉంటుంది. ఇక ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ కింద పేరుకునే మడ్డి ఇంజిన్ ఆయిల్‌కి సంబంధించినది. దానికి విరుగుడు వేళకు ఆయిల్, ఫిల్టర్ మార్చడమే.

మరి సీసా పనికొచ్చేది ఎక్కడ? ఇంజెక్టర్ మొనల దగ్గర. పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంట్ తగినంత ఉన్నదైతే మొన మీది పొరను నిజంగానే వదిలిస్తుంది. కొన్ని హ్యుందాయ్, కియా మాన్యువల్స్‌లోనూ అడిటివ్ ప్రస్తావన ఉంటుంది. కాబట్టి వాడకూడదని మేం అనం, మోతాదు లెక్క చూసుకోమంటాం. 300 మిల్లీలీటర్ల సీసా మీద 60 లీటర్లకు అని రాసి ఉంటే, 37 లీటర్ల స్విఫ్ట్ ట్యాంకుకి 185 మిల్లీలీటర్లు చాలు. ట్యాంకు అడుగంటినప్పుడు ముందు మందు పోసి, ఆ తర్వాత ఫుల్ చేయిస్తే బాగా కలుస్తుంది. ఆయిల్ మార్చడానికి ముందు ట్యాంకులో వాడటం మేలు, ఎందుకంటే మందు కొద్దిగా పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతుంది.

అసలు ఇంజెక్టర్‌దే తప్పా అన్నది స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె) చూస్తే కొంత తెలుస్తుంది. ప్లస్ 10 శాతం దాటిందంటే పెట్రోల్ చాలడం లేదనో, దొంగగాలి దూరుతోందనో అర్థం. ఐడ్లింగ్‌లో ఎక్కువుండి 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే గాలి లీకుని వెతకండి. రెండుచోట్లా ఎక్కువే ఉంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్ల మీద అనుమానపడాలి. పాత బండ్లలో ఈ20 వల్ల కూడా ఈ అంకె కొద్దిగా పైకి జరుగుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఒకటి రెండు ట్యాంకుల మందుకీ మార్పు లేకపోతే మూడో సీసా కొనకుండా ఇంజెక్టర్లు విప్పించి ఫ్లో టెస్ట్, అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించండి.

"మైలేజీ 20 శాతం పెరుగుతుంది"

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్‌ని క్షణక్షణం సరిచేస్తూనే ఉంటుంది. బాగున్న ఇంజిన్‌లో సీసా వల్ల 20 శాతం మిగలడానికి అంత వృథా అసలు జరగడం లేదు. సీసా 500 రూపాయలనుకుందాం, పెట్రోల్ లీటరు 107 అనుకుందాం. సీసా ఖరీదు సుమారు 4.7 లీటర్లతో సమానం. లీటరుకి 15 ఇచ్చే బండి 5,000 కిలోమీటర్లకు 333 లీటర్లు తాగుతుంది. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావాలంటేనే మైలేజీ దాదాపు 1.4 శాతం పెరగాలి. ట్యాంక్ ఫుల్ లెక్కలో అది కనిపించను కూడా కనిపించదు. బంకులో గన్ ఒక అర లీటరు ముందే కట్ అయితే 35 లీటర్ల మీద వచ్చే తేడా సరిగ్గా అంతే.

"ఈ20లో నీళ్లు పోతాయి"

నీళ్లు తీసేస్తామనే సీసాల్లో చాలావాటిలో ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నీటిని తనలో కలుపుకోవడం దాని పని. 45 లీటర్ల ఈ20 ట్యాంకులో అదే పని చేసే ఇథనాల్ ఇప్పటికే 9 లీటర్లుంది. దానికి ఇంకో 200 మిల్లీలీటర్లు చేరిస్తే ఒరిగేదేమీ లేదు. నిజంగా నీళ్లు చేరి అడుగున పొరగా విడిపోతే, ఆ నీళ్లు ఇథనాల్‌ని కూడా తమతో లాక్కుపోతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి బండి స్టార్ట్ కాదు. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించాలి, మరో మార్గం లేదు.

"రెండు కలరా ఉండలు చాలు"

రెండు ఉండలు కలిపి 10 గ్రాములు అనుకున్నా, 35 లీటర్ల పెట్రోల్ బరువు 26 కిలోల దాకా ఉంటుంది. 0.04 శాతం కూడా కాదు. దాంతో ఆక్టేన్ పెరగదు, కార్బన్ కరగదు. పైగా చూడ్డానికి అలాగే ఉండే ఉండల్లో కొన్ని నాఫ్తలీన్‌వి కావు, పారాడైక్లోరోబెంజీన్‌తో చేసినవి. అందులోని క్లోరిన్ మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారై లోహాన్ని తింటుంది. ఇప్పటికే ఒకటి రెండు వేసి ఉంటే భయపడనక్కర్లేదు, ట్యాంక్ ఫుల్ చేయించి నడిపేయండి. గుప్పెడు వేసి ఉంటే మాత్రం స్టార్ట్ చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించండి, పంపు కింది జాలీ కూడా తీసి చూడమనండి.