ఫైబర్ కోబ్రాని నకిలీ అనే పెద్దలకు ఒక విన్నపం

అమెరికాలో సాటి మనిషిని పట్టపగలు అవమానించడానికి అందరూ ఒప్పుకున్న చోటు ఒకటుంది, గ్యాస్ స్టేషన్. నీలం రంగు మీద రెండు తెల్ల చారలున్న కోబ్రా, అదే 1960ల నాటి స్పోర్ట్స్ కారు మోడల్, వచ్చి ఆగుతుంది, అందులోంచి ఓ పెద్దాయన నడుం పట్టుకుని దిగుతాడు, అంతే, పక్క పంపు దగ్గరున్న ముక్కూమొహం తెలియనివాడు వచ్చేసి "ఒరిజినలేనా?" అంటాడు. మన పెళ్లిళ్లలో వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకొచ్చిన అత్తయ్యని ఎవరైనా మొహం మీద అలా అడుగుతారా? వెనకాల అనుకుంటాం. అదీ సంస్కారం.

అసలు ఈ మొత్తం వ్యవహారంలో అబద్ధం చెప్పనివాడు ఎవడైనా ఉంటే, అది గ్యారేజీలో ఫైబర్‌గ్లాస్ బాడీతో కోబ్రా కట్టుకున్నవాడేనని నా వాదన. ఆధారాలున్నాయి, కూర్చోండి.

ముందు ఒరిజినల్ జాతకం చూద్దాం. కారల్ షెల్బీ టెక్సస్ మనిషి, కోళ్ల ఫారం పెట్టి చేతులు కాల్చుకున్నాడు, 1959లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కారు రేసు గెలిచాడు, గుండె జబ్బుతో డ్రైవింగ్ మానేశాడు. 1961లో ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ వాళ్లకి ఇంజన్లు దొరకడం కష్టమైందని తెలిసి, మీ బండిలో అమెరికా వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెడదామా అని ఉత్తరం రాశాడు. ఇంజన్ ఫోర్డ్ ఇచ్చింది. అంటే ఒళ్లు ఒకరిది, గుండె ఇంకొకరిది, పేరు మూడోవాడిది. మనం స్వచ్ఛమైన రక్తం అని దండం పెడుతున్న వంశం ఇది. 1962లో ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే బండి, దాని నంబరు సీఎస్ఎక్స్ 2000. పత్రికలవాళ్లకి టెస్ట్ చేయమని ఇచ్చిన ప్రతిసారీ దానికి రంగు మార్చేవాళ్లు, ఫ్యాక్టరీలోంచి బళ్లు వరసగా దిగుతున్నాయని చదివేవాళ్లు అనుకోవాలని. అన్ని వేషాలేసిన ఆ బండే 2016లో వేలానికొచ్చి 13.75 మిలియన్ డాలర్లు పలికింది. తర్వాత వచ్చిన కోబ్రా 427 సంగతి (ఆ అంకె ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు) ఇంకా ముచ్చటైంది. ఆ పేరుతో అమ్మిన రోడ్డు కార్లు చాలావాటికి బానెట్ ఎత్తి చూస్తే లోపలున్నది ఖర్చు తక్కువైన 428 ఇంజన్. ఒకటి ఎక్కువే ఇచ్చారు కదా అని సర్దుకుపోవాలి కాబోలు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టిన కథ. 1960ల్లో మిగిలిపోయిన ఛాసిస్‌లు, అంటే బండి అడుగు ఫ్రేములు, తన దగ్గరున్నాయని చెప్పి, షెల్బీ కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ నుంచి 43 బళ్లకి డూప్లికేట్ టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) తెచ్చుకున్నాడు. తీరా చూస్తే ఆ ఫ్రేములు కొత్తగా చేయించినవి. తన కోబ్రాకి తానే నకళ్లు తీయించిన ఈ మహానుభావుడే, ఆ తర్వాత కొన్నేళ్లకి నా కోబ్రాని కాపీ కొడుతున్నారని, ఇంట్లో బిగించుకునేలా విడిభాగాలు అమ్మే కిట్ కంపెనీల మీద కోర్టుకెళ్లాడు. నోరెళ్లబెట్టకండి, ఇంకా ఉంది.

ఇప్పుడు మన ముద్దాయిని చూడండి. ఒరిజినల్ బాడీ అల్యూమినియం, ఇతనిది ఫైబర్, ఆ మాట ఇతనే ముందు చెప్తాడు. అచ్చుకి మైనం పూసి, దాని మీద జెల్ కోట్ అనే మెరిసే పైపూత కొట్టి, ఆ తర్వాత గాజు నార మ్యాట్ పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, గాలి బుడగలు మిగలకుండా రోలర్‌తో నొక్కుతారు. అంటే పైమెరుపు ముందు, బలం తర్వాత (ఎన్నికల మేనిఫెస్టోలు కూడా ఈ పద్ధతిలోనే తయారవుతాయని వినికిడి). రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ కాస్త ఎక్కువైందా, డబ్బాలోనే పొగలు కక్కుతూ గట్టిపడిపోతుంది. తక్కువైతే వారమైనా జిగురు ఆరదు. కిట్ కొన్నా కష్టం తప్పదు, ఎందుకంటే అచ్చు ముక్కలు కలిసిన చోట ఫెండర్ల (చక్రాల పైభాగాల) మీద గీతలు లేచి ఉంటాయి, వాటిని అరగదీయాలి, పుట్టీ పెట్టాలి, మళ్లీ అరగదీయాలి, ఆ దుమ్ము ఒంటి మీద పడితే దురద ఎలా ఉంటుందంటే స్నానం చేసేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. తొందరపడి పెయింట్ కొట్టేస్తే ఎండలో నిలబెట్టిన రోజున లోపలి మ్యాట్ నేత పైకి తేలుతుంది, అందుకే తెలిసినవాళ్లు ముందు బాడీని ఎండలో పడేసి, అది ముడుచుకునేదంతా ముడుచుకున్నాకే రంగు జోలికి వెళ్తారు. ఇక డోర్ సందులు. కుడివైపు సందుకీ ఎడమవైపు సందుకీ మిల్లీమీటరు తేడా వస్తే ఇతనికి టెన్షన్‌తో నిద్రపట్టదు. ఒరిజినల్ బాడీలు సుత్తులతో కొట్టి చేసినవి కాబట్టి కుడిఎడమలు అచ్చంగా కలిసేవే కావు. అంటే సందు సమానంగా ఉంటే నకిలీ, వంకరగా ఉంటే అసలు. కోట్లు పోసేది ఆ వంకరకే.

కాలిఫోర్నియా ప్రభుత్వానికి ఈ విషయంలో నాకన్నా పెద్ద మనసుంది. అక్కడ ఇంట్లో కట్టుకున్న బళ్లకి ఏడాదికి 500 మినహాయింపులిస్తారు, ముందొచ్చినవాళ్లకి ముందు. అది దొరికితే పొగ పరీక్షలో నీ బండిని దాని బాడీ ఏ ఏడాది మోడల్‌ని పోలి ఉందో ఆ ఏడాదిదిగా లెక్కేస్తారు. నిన్న రెజిన్ ఆరిన బండి 1965 నాటి పొగ దర్జాగా వదలొచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇది చదివి ఉత్సాహపడుతున్నవాళ్లు కొంచెం ఆగండి. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని కంపెనీ చెప్పిన స్వరూపానికి భిన్నంగా మార్చడానికి వీల్లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నేను మార్చలేదండీ, మొత్తం నేనే కట్టాను, కంపెనీ నేనే అంటారా, భేషుగ్గా ఉంది, అప్పుడు కంపెనీలకుండే నిబంధనలన్నీ మీకూ వర్తిస్తాయి, పుణేలో వాహనాల్ని పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ నుంచి ఆమోదం తెచ్చుకోవాలి, అందులో క్రాష్ టెస్ట్ కూడా ఒక భాగం. అంటే నానా తంటాలు పడి కట్టిన ఒక్కగానొక్క బండిని పుణే దాకా లారీలో మోసుకెళ్లి, డబ్బు కట్టి మరీ గోడకి గుద్దించుకోవాలి. పాసైతే సర్టిఫికెట్ చేతికిస్తారు, బండిని గోనెసంచుల్లో ఇస్తారు.