వరుస మిగిలింది, పేర్లేవి?

చలికి పలక, అంటే మా తోలు వాద్యం, మెత్తబడుతుంది. మైదుకూరు దగ్గర మా ఊరి రామాలయంలో చేతిలో చెక్కలు మోగిస్తూ, అడుగులేస్తూ పాడే చెక్క భజనల ఆల్బం కోసం జనవరి రాత్రులు రికార్డింగు పెట్టుకున్నప్పుడు, పాట పాటకీ ముందు ఒక కుర్రాడు బయట గడ్డిమంట వేసి పలకలు కాచి తెచ్చేవాడు. కాచిన పలక ఖంగుమంటుంది. కాసేపటికి మోత మళ్ళీ దిగిపోతుంది. నా వయొలిన్ తీగలు పలకతో పాటే ఎక్కించుకుంటూ, దించుకుంటూ కూర్చున్నాను.

మొదట ఇలా అనుకోలేదు. కడపలో ఏసీ స్టూడియో మాట్లాడి, చెక్క భజన బృందాన్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, లయ తప్పకుండా చెవిలో ఒకే వేగంతో టిక్కుమనే క్లిక్‌కు పాడమన్నాను. అడుగు పడందే వాళ్ళ చేతిలో చెక్క పలకదు. నిదానంగా ఎత్తుకున్న భజన, వలయం తిరిగేకొద్దీ వేగం అందుకోవాలి. మధ్యాహ్నానికి భజన గురువు హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు. "నాయనా, ఈ టిక్కుటిక్కు మా యెంబడి రాదంట. మేమే దీని యెంబడి పోవాల్నంట. యాడికి పోయేది?" అన్నాడు. ఆ రోజే స్టూడియో ఖాళీ చేశాం.

గుడిలో క్లిక్ లేదు. డల్లాస్‌లో గిటారు, డ్రమ్స్ వాయించిన మిత్రులిద్దరూ తర్వాత నెలల తరబడి ఆ పెద్దాయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో విని విని, తమ లయను దానికి సర్దుకున్నారు. ఆల్బంలో నాకు బాగా నచ్చింది వీరబ్రహ్మేంద్రస్వామి తత్వం. బ్రహ్మంగారి మఠం మాకు దగ్గరే. స్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడని గురువు పాటకు ముందు ప్రతిసారీ చెప్పి గానీ ఎత్తుకోడు. ఆ మాటలూ రికార్డులో ఉంచేశాను.

కానీ ఆల్బం బయటికొచ్చినప్పుడు, విడుదల చేసిన సంస్థ భజన బృందంలోని వాళ్ళందరినీ కలిపి 'గ్రామీణ బృందం' అని రాసింది. నా పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. ముందుగా చూసుకోవలసింది నేనే. చూసుకోలేదు.

అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మా సీమదే. రాగిరేకుల మీద ఆయన పదాలు, వాటి రాగాల పేర్లు మిగిలాయి. పాడిన వరుసలు, అంటే బాణీలు, మిగల్లేదు. మా భజన గుళ్ళల్లో ఇదే తిరగబడింది. వరుస నోటి నుంచి నోటికి భద్రంగా వచ్చింది, తెచ్చినవాళ్ళ పేర్లే పోయాయి. ఇప్పుడు చేతిలో ఇంత యంత్రాంగం పెట్టుకుని మనం కూడా పోగొట్టడం నాకు ఒప్పదు.

2012 సవరణ తర్వాత భారత కాపీరైట్ చట్టంలో పాడినవారికి, వాయించినవారికి వ్యాపార వినియోగం మీద రాయల్టీ ఉంది. తమ పేరు చెప్పించుకునే హక్కూ ఉంది. కనుక అమెరికాలోని మన తెలుగు సంఘాలు సంబరాలకు సీమ నుంచి పాట తెప్పించుకునేటప్పుడు ఒప్పందం తెలుగులో రాయించండి, బృందం ముందు చదివి వినిపించండి. శాలువా కప్పి, ఫొటో దిగి పంపడం చాలదు.

పేర్లన్నీ చేర్చి ఆల్బం మళ్ళీ విడుదల చేయించాం. మొన్న ఊరికెళ్ళి గుడి అరుగు మీద పదకొండు పేర్లూ చదివాను. గురువు కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ విన్నాడు. చివర్లో అడిగాడు, "పలక కాంచిన పిల్లోని పేరు రాల్యా?"