పెదవంచున వెలిసే దొరగారికి

అయ్యా, హెర్పిస్ సింప్లెక్స్ వైరస్-1 గారూ,

మీరు మూతి మీద వెలిసినప్పుడల్లా మా ఇంట్లో నింద మోసేది మామిడిపళ్ళు. "వేడి చేసింది, తగ్గించమంటే విన్నావా?" అంటుంది అత్తయ్య. సబ్జా నీళ్ళు, మజ్జిగ, రాత్రికి పొక్కు మీద టూత్‌పేస్టు. నిద్రలో ఏదో పురుగు పాకిందని పక్కింటావిడ తీర్పు. మీ పేరెత్తే నాథుడు లేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాలో 50 ఏళ్ళ లోపు జనంలో 380 కోట్ల మంది మీవాళ్ళే, నూటికి 64. ప్రచారం లేకుండా ఇంత మెజారిటీ! పైగా తాము ఓటేసిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు, ఒక్క పొక్కయినా లేస్తే కదా.

పసితనంలో ఏ ముద్దుతోనో, ఉమ్మితోనో లోపలికొస్తారు. నరం కొస పట్టుకుని పుర్రె అడుగునున్న ట్రైజెమినల్ గాంగ్లియన్ అనే ముఖనరాల ముడి దాకా ఎగబాకి, అక్కడి నరకణంలో మీ డీఎన్‌ఏ దాచుకుని పడుకుంటారు. జ్వరమో, ఎండో, పరీక్షల బెంగో తగిలిందా, వెళ్ళిన దారినే దిగివస్తారు. (ఆ లెక్కన అత్తయ్య చెప్పే వేడిలో కాస్త నిజముంది. ఆమెకు మాత్రం చెప్పను.) ముందు చురచుర, తర్వాత నీటిపొక్కుల గుత్తి, అది పగిలి పసుపుపచ్చ చెక్కు. సరిగ్గా పెళ్ళిచూపుల వారంలోనే ఎందుకు వస్తారో!

అసైక్లోవిర్ ఉందిగా అంటారా? మీ థైమిడిన్ కైనేజ్ ఎంజైమే ఆ మందుకు పదును పెడుతుంది, ఆ పదునుకే మీ సంతతి ఆగుతుంది. దాని వెనకున్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అయినా నరంలో నిద్రపోతున్న మిమ్మల్ని అది కదపలేదు.

పొక్కుతో పోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. పైకి ఏమీ కనబడనప్పుడూ ఉమ్మిలో అప్పుడప్పుడు తేలతారు. నెల నిండని బిడ్డకు సోకితే మెదడుకీ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి తెస్తారు. ఈ ఆదివారం మా అక్క కూతురి బారసాల. చిన్నతాతయ్య పెదవి మీద నిన్ననే తమరు వేంచేశారు. బుగ్గ ముద్దాడకుండా ఆయన ఏ బిడ్డనూ ఇంతవరకూ వదల్లేదు.

ఎవరూ చెప్పలేమంటున్నారు కాబట్టి నేనే చెబుతాను. ఉయ్యాల ఊపండి తాతయ్యా, అక్షింతలు వేయండి, ముద్దు సంగతి పొక్కు మానాక, బిడ్డకు కొన్ని నెలలు వచ్చాక చూద్దాం. అలిగి భోంచేయకుండా బస్సెక్కితే ఎక్కనీ, గారెలు డబ్బాలో కట్టిస్తాను.

ఇట్లు,
మిమ్మల్ని పిలవకుండానే భరిస్తున్న ఒకతె