ఒకే వరసలో మెటల్, పాప్: 2024 ఆల్బమ్‌ల మీద ఓ వాదం

వాళ్లిద్దరూ ఒకే బ్యాండ్‌లో వాయిస్తారు. గిటారిస్ట్ 2024లో తనకు బాగా నచ్చిన ఏడు ఆల్బమ్‌లను ఎంచుకుని, మెటల్ అనీ పాప్ అనీ విడదీయకుండా ఒకే వరసలో రాశాడు. మొదటిది బ్లడ్ ఇంకాంటేషన్ ‘ఆబ్సల్యూట్ ఎల్స్‌వేర్’. తర్వాత వరసగా బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’, ఒపెత్ ‘ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’, చార్లీ ఎక్స్‌సీఎక్స్ ‘బ్రాట్’, జూడస్ ప్రీస్ట్ ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’, నాక్డ్ లూజ్ ‘యూ వోంట్ గో బిఫోర్ యూ ఆర్ సపోజ్డ్ టు’. చివరిది అరియానా గ్రాండే ‘ఎటర్నల్ సన్‌షైన్’. వీటిలో బిల్లీ, చార్లీ, అరియానా పాప్, మిగిలిన నాలుగూ మెటల్. వయసులో పెద్దవాడైన డ్రమ్మర్‌కు ఈ వరస మింగుడు పడలేదు.

డ్రమ్మర్: తమ్ముడూ, ఆల్బమ్‌లతో నాకు పేచీ లేదు. వీటిలో చాలావరకు నేనూ మళ్లీ మళ్లీ విన్నవే. పేచీ అంతా నువ్వు వేసిన అంకెలతోనే. ఒపెత్ మూడు, బ్రాట్ నాలుగు! ఏ కొలతతో చెప్పావు? ఒకటి చనిపోయిన తండ్రి వీలునామాను పిల్లల ముందు చదివే కథ. మొదటి ఏడు పాటలకు పేర్లే లేవు, వీలునామాలోని పేరాల అంకెలే ఉన్నాయి. ఇంకోటి క్లబ్బులో ఒళ్లు మరిచి ఆడడానికి చేసింది. రెండింటి పనీ వేరు. ఎవరి పని వాళ్లు బాగా చేశారని చెప్పు, వింటాను. ఎవరు గొప్పో చెప్పకు.

గిటారిస్ట్: కొలత ఉంది అన్నా. విన్నాక నా వాయింపు మారిందా లేదా, అంతే. నేను విమర్శకుణ్ణి కాను, వాయించేవాణ్ణి. బ్రాట్ విన్నాక మన పాటల్లో గిటార్ ఎక్కడ అక్కర్లేదో తెలిసింది. ఆ ఆల్బమ్‌లో చాలాచోట్ల ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్), ఒక బీట్, ఒక గొంతు. ఇంకేమీ ఉండదు. అయినా చెవికి వెలితి అనిపించదు. నేను మూడు గిటార్ ట్రాకులు పెట్టి నింపాలని చూసే చోటును వాళ్లు వదిలేశారు. ఆ ధైర్యం నాకు మెటల్‌లో అంత తేలిగ్గా దొరకదు.

డ్రమ్మర్: నీకు పాఠం నేర్పినంత మాత్రాన అది గొప్ప ఆల్బమ్ అయిపోదు. చెత్త ఆల్బమ్ కూడా పాఠం నేర్పుతుంది. ఇంకో సంగతి. పాప్‌కు నీ జాబితా అక్కర్లేదు. నువ్వు రాసినా రాయకపోయినా ఆ పాటలు ఎక్కడికి వెళ్లినా చెవిన పడతాయి. మెటల్ అలా కాదు, ఒకరు చెబితే ఇంకొకరు వింటారు. ఏడు చోట్లలో మూడు పాప్‌కు ఇచ్చావంటే, ఎవరికీ తెలియని మూడు మంచి మెటల్ ఆల్బమ్‌లను బయటికి నెట్టినట్టే.

గిటారిస్ట్: మెటల్‌కు జాలి చూపించి చోటివ్వమంటావా? 2024 జూలై 26న ప్యారిస్ ఒలింపిక్స్ ప్రారంభంలో ఫ్రెంచ్ మెటల్ బ్యాండ్ గొజిరా వాయించింది. ప్రపంచమంతా చూసింది. ఎవరూ జాలిపడి పిలవలేదు.

డ్రమ్మర్: చూసింది, ఒక్క సాయంత్రం. మర్నాటి నుంచి మళ్లీ మామూలే. నేను జాలి గురించి మాట్లాడటం లేదు, బాధ్యత గురించి మాట్లాడుతున్నాను. అది అలా ఉంచు. నీ ఒకటి, రెండు తీసుకుందాం. అక్కడే నీ వాదం తేలిపోతుంది.

గిటారిస్ట్: అక్కడే గట్టిగా నిలబడుతుంది. రెండూ దాదాపు 44 నిమిషాల ఆల్బమ్‌లే. బ్లడ్ ఇంకాంటేషన్‌వి రెండే పాటలు, ఒక్కొక్కటి 20 నిమిషాలు దాటుతుంది, మూడేసి భాగాలు. బిల్లీవి పది పాటలు. ఆమె కూడా ముందుగా ఒక్క పాటను కూడా విడిగా సింగిల్‌గా వదలకుండా ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి ఇచ్చింది, వరసగా వినమని. ఇక లోపలికి వెళ్తే, బ్లడ్ ఇంకాంటేషన్ పాట ‘ద స్టార్‌గేట్’లో మెటల్‌లో బాగా కరకైన డెత్ మెటల్ ఉధృతంగా నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, సింథ్, క్లీన్ గిటార్‌తో అంతరిక్షంలో తేలుతున్నట్టుండే 1970ల నాటి స్పేస్ రాక్‌లోకి జారుతుంది. జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ టాంజరిన్ డ్రీమ్‌లో వాయించే తోర్‌స్టెన్ క్వేష్నింగ్ కూడా ఆ పాటలో ఉన్నాడు. బిల్లీ ‘లమూర్ ద మా వీ’ తీసుకో. నెమ్మదిగా, దాదాపు పాత జాజ్ పాటలా మొదలవుతుంది. సగం దాటాక ఉన్నట్టుండి వేగమైన సింథ్ పాటైపోతుంది. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దూకడం ఇద్దరూ చేశారు. నేను ఇద్దరి దగ్గరా ఒకే విద్య విన్నాను.

డ్రమ్మర్: ఒకే విద్య కాదు తమ్ముడూ. డ్రమ్స్ వినిపించుకుని చెప్పు. బ్లడ్ ఇంకాంటేషన్‌లో ఆ మలుపు నలుగురు మనుషులు కలిసి తిరిగిన మలుపు. బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోకి వెళ్లి రికార్డ్ చేశారు. వాళ్ల డ్రమ్మర్ ఐజక్ ఫాక్ మెరుపు వేగపు బ్లాస్ట్ బీట్ ఆపి మెత్తగా గ్రూవ్‌లోకి వచ్చేటప్పుడు బరువు చేతుల్లోంచి మణికట్టులోకి దిగడం తెలుస్తుంది. మిగిలినవాళ్లు అతన్ని పట్టుకుని వస్తారు. ఎన్నిసార్లు కలిసి వాయిస్తే అలా వస్తుందో నీకూ తెలుసు. బిల్లీ పాటలో జరిగింది అతుకు. ఇక్కడ ఒక పాట ఆగింది, అక్కడ ఇంకోటి అంటుకుంది. కంప్యూటర్‌లో మధ్యాహ్నం పని.

గిటారిస్ట్: అతుకే. కావాలనే అతుకులా వినిపించారు. ‘నా జీవితంలో ప్రేమంటే నువ్వే’ అని తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకునే పాట అది. మొదటి సగంలో మర్యాదగా, నెమ్మదిగా చెబుతుంది. రెండో సగంలో ఆ మర్యాద పోతుంది, గొంతు కూడా యంత్రంలా చల్లబడిపోతుంది. సాఫీగా జారి ఉంటే ఆ మాటకు బలమే ఉండేది కాదు. ఆమె సొంత అన్న ఫినియస్ ఎక్కడ తెంచాలో తెలిసిన ప్రొడ్యూసర్. కలిసి వాయించడం ఎంత విద్యో, సరైన చోట తెంచడం అంత విద్య.

డ్రమ్మర్: ఆ పాట వరకు ఒప్పుకుంటాను. తెంచిన చోటుకు అర్థం ఉంది.

గిటారిస్ట్: ఇక గొంతు సంగతి. 2024లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అదే. ఒపెత్ గాయకుడు మికాయెల్ ఒకర్‌ఫెల్డ్ 2008 నాటి ‘వాటర్‌షెడ్’ తర్వాత స్టూడియో ఆల్బమ్‌లో గ్రౌల్, అంటే గర్జన లాంటి గొంతు, చెయ్యలేదు. మధ్యలో నాలుగు ఆల్బమ్‌లు మామూలు గొంతుతోనే పాడాడు. పదహారేళ్ల తర్వాత గ్రౌల్ తిరిగొచ్చింది. అందరూ దాన్ని అరుపు అనుకుంటారు. నిజానికి బాగా చేసేవాళ్లు అరవరు. స్వర తంతువుల పైనున్న మడతలను కంపింపజేస్తూ, గాలిని పొదుపుగా వాడతారు. గదిలో పక్కన నిలబడి వింటే ఆశ్చర్యపోయేంత చిన్న శబ్దం. మైక్ పెదాలకు దగ్గరగా ఉండి, కంప్రెసర్ అనే పరికరం ఆ శబ్దాన్ని పైకి లాగితే రాక్షసుడి గొంతు అవుతుంది. బిల్లీ గుసగుస కూడా అంతే. మైక్ లేకపోతే రెండో వరసలో కూర్చున్నవాడికి కూడా వినిపించదు. ఒకటి భయపెడుతుంది, ఇంకోటి చెవిలో రహస్యం చెబుతుంది. రెండూ మైక్‌కు అంగుళం దూరంలో పుట్టిన గొంతులే. వీటిని వేర్వేరు జాబితాల్లో పెడితే ఈ చుట్టరికం ఎవరికి కనిపిస్తుంది?

డ్రమ్మర్: ఇది నేను ఆలోచించని కోణం. బాగుంది. కానీ ఒపెత్ గొప్పతనం గ్రౌల్ తిరిగి రావడంలో లేదు, దాన్ని ఎక్కడ ఆపాడనే దానిలో ఉంది. వీలునామాలోని మాటలకు గర్జన. చివరి పాట ‘ఎ స్టోరీ నెవర్ టోల్డ్’కు వచ్చేసరికి గర్జనే లేదు. పేరున్న పాట కూడా అదొక్కటే. అప్పటిదాకా తండ్రి గొంతు భయపెట్టింది గనుకే ఆ నెమ్మది అంత బరువుగా తగులుతుంది. వరసగా వింటేనే ఇది తెలుస్తుంది. రాక్ బ్యాండ్ జెత్రో టల్ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్ వాయించి, కథలో మాటలు కూడా చెప్పాడు. 1989 గ్రామీల్లో హార్డ్ రాక్, మెటల్ అవార్డును మెటాలికాకు కాకుండా జెత్రో టల్‌కు ఇచ్చినందుకు మెటల్ అభిమానులు ఇప్పటికీ మండిపడతారు. అదే మనిషి ఒక నిఖార్సయిన మెటల్ ఆల్బమ్‌లో ఫ్లూట్ ఊదాడంటే నాకు నిజంగా సంతోషం వేసింది. అందుకే దాన్ని బ్రాట్ పక్కన మూడో అంకెగా చూస్తే కష్టంగా ఉంది.

గిటారిస్ట్: నువ్వు ఇప్పుడు చెప్పినదాంట్లోనే గోడ లేదన్నా. ఫ్లూట్ వాయించే రాక్ ముసలాయన మెటల్‌లోకి వస్తే సంతోషించావు. పాప్ వస్తే గోడ ఎందుకు? నాక్డ్ లూజ్ సంగతి చూడు. 27 నిమిషాల్లో పది పాటలు, ఊపిరి ఆడనివ్వవు. వాటిలో ‘సఫకేట్’ పాటలో గాయని పాపీ పాడింది. ఆమె మొదట పాప్ పాటలు పాడిన మనిషే. ఇక ఆ పాటలో వేగం తగ్గి బరువు పెరిగే బ్రేక్‌డౌన్...

డ్రమ్మర్: తెలుసు. లాటిన్ అమెరికా డాన్స్ పాటల రెగ్గేటాన్ బీట్. మొదటిసారి విన్నప్పుడు కుర్చీలోంచి లేచాను. అంత బరువైన గిటార్ల కింద ఆ డాన్స్ తాళం ఎలా కూర్చుందో! అది డ్రమ్మర్ ఘనత.

గిటారిస్ట్: డాన్స్ పాటలు వినని డ్రమ్మర్‌కు అది తడుతుందా?

డ్రమ్మర్: తట్టదు. కానీ నాక్డ్ లూజ్ ఆ బీట్‌ను తెచ్చుకుని తమ బరువు కింద నలిపి వాడారు. తీసుకోవడం వేరు, కలిసిపోవడం వేరు. ఆ తేడా నీ వరసలో కనిపించదు.

గిటారిస్ట్: కనిపించేలా ఇంకోటి చెబుతాను. 2024 మార్చి 8న ఒకే రోజు రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, ఇన్విన్సిబుల్ షీల్డ్, ఎటర్నల్ సన్‌షైన్. అరియానాతో కలిసి ఆ ఆల్బమ్ చేసినవాళ్లలో మ్యాక్స్ మార్టిన్ ఒకడు. అమెరికాలో నంబర్ వన్ అయిన పాటలు 20కి పైగా రాసినవాడు. అతను మొదట ఎవరు? స్వీడన్‌లో ‘ఇట్స్ అలైవ్’ అనే గ్లామ్ మెటల్ బ్యాండ్ గాయకుడు. కోరస్ వచ్చేసరికి పైకప్పు లేచిపోయేలా పాటను ఎక్కించడం అతనికి బాగా తెలుసు. ఆ విద్యలో కొంత అక్కడిదే అని నా చెవి చెబుతుంది. ఇటు ప్రీస్ట్ వైపు చూడు. ‘పానిక్ అటాక్’ మొదట్లో వినిపించే ఆ సింథ్ లాంటి గిటార్, 1986లో ‘టర్బో’ ఆల్బమ్ తెచ్చినప్పుడు బ్యాండ్ పాప్‌కు అమ్ముడుపోయిందని అభిమానులు తిట్టిన శబ్దమే. ఇప్పుడు దాన్ని వింటే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి అంటున్నారు.

డ్రమ్మర్: ప్రీస్ట్ సంగతి వేరే విను. మొదటి ఆల్బమ్ 1974లో వచ్చింది. యాభై ఏళ్లు. ఈ ఆల్బమ్ వచ్చేనాటికి గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్‌కు 72 ఏళ్లు, ఆ గొంతు ఇంకా అంత పైకి వెళ్లింది. పార్కిన్సన్స్ జబ్బు వచ్చిన గిటారిస్ట్ గ్లెన్ టిప్టన్ ఇంకా ఆ బ్యాండ్ మనిషే. ఆ ఆల్బమ్‌ను నేను టర్బో కోసమో మ్యాక్స్ మార్టిన్ కోసమో వినను. యాభై ఏళ్లు ఒకే పని వదలకుండా చేసినవాళ్లు ఎలా ఉంటారో వినడానికి వింటాను. నీ కొలతలో దానికి మార్కులు లేవు. నీ వాయింపు మారిందా అని మాత్రమే అడుగుతావు.

గిటారిస్ట్: ఐదో చోటు ఇచ్చాను కదా.

డ్రమ్మర్: నీ కొలతతో ఇచ్చావా, గౌరవంతో ఇచ్చావా?

గిటారిస్ట్: గౌరవంతో. దాన్ని దాచను.

డ్రమ్మర్: అయితే రెండు కొలతలు ఉన్నట్టే. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. సరే, గౌరవంతో ఇచ్చే చోటు ఉందంటే నాదొక పేరు. న్యూజిలాండ్ మెటల్ బ్యాండ్ అల్సరేట్, ‘కటింగ్ ద థ్రోట్ ఆఫ్ గాడ్’. ముగ్గురే మనుషులు. డ్రమ్మర్ జేమీ సెయింట్ మెరాట్ డ్రమ్స్ వాయించడంతో పాటు రికార్డింగ్, మిక్సింగ్ కూడా చూసుకుంటాడు. రెండు పాదాలతో వాయించే డబుల్ బేస్ డ్రమ్ అంత వేగంగా నడుస్తున్నా సింబల్స్, అంటే ఆ లోహపు పళ్లేల, చప్పుడు విడివిడిగా వినిపిస్తుంది. ఆ తీవ్రతలో అంత గాలి ఆడేలా మిక్స్ చెయ్యడం 2024లో ఇంకెవరి దగ్గరా వినలేదు. అరియానాను తీసి దాన్ని పెట్టు.

గిటారిస్ట్: అల్సరేట్ పెడతాను. అరియానాను తియ్యను. ఏడే ఉండాలని రూల్ ఏమీ లేదు.

డ్రమ్మర్: ఎనిమిదోదా? అరియానా కిందా?

గిటారిస్ట్: మరి ఎక్కడ?

డ్రమ్మర్: బ్రాట్ పైన.

గిటారిస్ట్: అది మాత్రం కుదరదన్నా. నాక్డ్ లూజ్ పైన పెడదాం, ప్రీస్ట్ కింద.

డ్రమ్మర్: ముందు దాన్ని మొదటినుంచి చివరిదాకా స్పీకర్లలో విందాం, ఇద్దరం. తర్వాత చెప్పు ఎవరి కిందో.