చేపలు ఈదుకుంటూ వెళ్ళిపోతే సరిపోతుందా?

“సముద్రం కాస్త వేడెక్కితే చేపలకేం కాదు. చల్లటి నీళ్లు వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. వెచ్చదనానికి త్వరగా పెరుగుతాయి కూడా. చేపలు తగ్గాయంటే అది అతిగా పట్టడం వల్లే.” ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. మూడు మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

చేపలు చోటు మారుతున్న మాట నిజమే. ఈశాన్య అట్లాంటిక్‌లో ఉండే మాకెరెల్ అనే చేప 2000ల చివర్లో పెద్ద ఎత్తున ఐస్‌లాండ్ జలాల్లోకి చేరింది. చేప కదిలింది కానీ, ఏ దేశం ఎంత పట్టాలన్న ఒప్పందాలు కదల్లేదు. ఎవరి వాటా ఎంతో తేలక దేశాలు తగవులాడుతుంటే, అందరూ కలిసి పట్టేది శాస్త్రజ్ఞులు చెప్పిన పరిమితిని దాటిపోయింది. ఉష్ణమండల సముద్రాల్లో కష్టం ఇంకా ఎక్కువ. అక్కడి చేపలు వెళ్ళిపోతే ఆ చోటు నింపడానికి, అంతకంటే వేడికి అలవాటుపడ్డ జాతులు ఇంకెక్కడా లేవు. చిన్న పడవ మీద బతికే మనిషి చేప వెంట వందల కిలోమీటర్లు పోగలడా?

‘త్వరగా పెరుగుతాయి’ అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చాలా చేపల ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని బట్టే ఉంటుంది. నీరు వేడెక్కితే వాటికి తిండి, ఆక్సిజన్ రెండూ ఎక్కువ కావాలి. కానీ వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. పైగా, వేడెక్కి తేలికపడిన పైపొర అడుగు నీటితో సరిగా కలవదు. అడుగున ఉన్న పోషకాలు పైకి రాక, చేపల మేతకు మూలమైన ప్లవకాలు (నీటిలో తేలాడే సూక్ష్మజీవులు) చాలాచోట్ల తగ్గుతాయి. అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్ సముద్రంలో 2018, 2019ల్లో నీరు బాగా వేడెక్కాక సుమారు 1000 కోట్ల స్నో క్రాబ్ పీతలు మాయమయ్యాయి. ఆకలే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. 2022లో అలాస్కా ఆ పీతల వేటను చరిత్రలో తొలిసారి ఆపేసింది.

ఇక అతిగా పట్టడం. అది పెద్ద కారణమే, కాదనను. అయితే అలాస్కా సింధుశాఖలో పసిఫిక్ కాడ్ అనే చేప వేట ఏటా లెక్కలు కట్టి, పరిమితులు పెట్టి నడిపేదే. 2014–16 మధ్య అక్కడ వచ్చిన సముద్రపు వడగాడ్పుకు, అంటే నీరు చాలాకాలం పాటు మామూలు కంటే బాగా వేడిగా ఉండిపోవడానికి, ఆ చేప కూడా కుప్పకూలింది. 2020లో అక్కడ అమెరికా కేంద్ర ప్రభుత్వ అధీనంలోని (ఫెడరల్) జలాల్లో దాని వేట మూసేశారు. 235 చేప నిల్వలను (ఒక్కో ప్రాంతపు సముద్రంలో బతికే ఒక్కో జాతి గుంపును నిల్వ అంటారు) పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1930 నుంచి 2010 మధ్య వేడి వల్ల, నిలకడగా పట్టగలిగే చేప 4.1 శాతం తగ్గింది. అమెరికా ఈశాన్య తీరపు బ్లాక్ సీ బాస్ లాంటివి కొన్ని లాభపడ్డాయి. జపాన్ సముద్రంలోనూ, బ్రిటన్‌కు తూర్పున ఉన్న నార్త్ సీలోనూ మాత్రం నష్టం దాదాపు 35 శాతం.

అతిగా పట్టిన నిల్వలే వేడికి ఎక్కువగా దెబ్బతింటాయని కూడా ఆ అధ్యయనంలో తేలింది. నిండైన గుంపులో వయసొచ్చిన పెద్ద చేపలుంటాయి, ఒక ఏడాది పిల్లలు బతక్కపోయినా మరుసటి ఏడు మళ్లీ గుడ్లు పెడతాయి. వాటిని వలలు తీసేశాక, ఒక్క వేడి ఏడాదిని కూడా ఆ గుంపు తట్టుకోలేదు.