ఆపరేటర్ మానేస్తే బ్యాచ్ ఎందుకు చెడుతుంది?

హైదరాబాద్ బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) పరిశ్రమ ఉద్యోగుల వలస మీదే ఎదిగింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లే బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డీ అక్కడ పనిచేసినవారే. ఇప్పుడు అదే వలస హైదరాబాద్ జీడిమెట్ల నుంచి విశాఖ దగ్గరి పరవాడ దాకా యాజమాన్యాలకు తలనొప్పి. బాండ్లు రాయించుకుంటే ఆగేది కాదు. మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు.

అసలు మనిషితో పాటు పోయేదేమిటి? క్రిస్టలైజేషన్‌నే తీసుకోండి, అంటే ద్రావణాన్ని చల్లబరిచి మందును స్ఫటికాలుగా రాబట్టడం. ఒక్కో బ్యాచ్‌ని ఎలా తీయాలో రాసి ఉండే బ్యాచ్ రికార్డులో ‘0–5 డిగ్రీలకు చల్లబరచాలి’ అని ఉంటుంది. ఎంత నెమ్మదిగా అన్నది ఉండదు. అనుభవమున్న ఆపరేటర్ రియాక్టర్‌కుండే గాజు కిటికీ (సైట్ గ్లాస్)లో ద్రావణం మసకబారడం చూసి, చల్లబరిచే ఉప్పునీటి (బ్రైన్) వాల్వు తగ్గిస్తాడు, స్ఫటికాలు పెరిగేదాకా ఆగుతాడు. కొత్తవాడు వాల్వు పూర్తిగా తెరిచేస్తాడు. స్ఫటికాలు మరీ సన్నగా వస్తాయి, స్ఫటికాలను గిర్రున తిప్పి వడకట్టే సెంట్రిఫ్యూజ్‌లోని గుడ్డ పూడుకుపోతుంది, తడి మిగిలి మలినాలు పెరుగుతాయి. రికార్డు ప్రకారం ఇద్దరూ చేసింది ఒకటే! ల్యాబ్‌లో ఇది బయటపడదు. 5 లీటర్ల ఫ్లాస్కు నుంచి అదే ఆకారంలో 5,000 లీటర్ల రియాక్టర్‌కి వెళితే ఘనపరిమాణం వెయ్యి రెట్లవుతుంది, చల్లబరిచే ఉపరితలం వంద రెట్లే.

తర్వాత, బ్యాచ్ ఎక్కడ దారి తప్పిందో రాసే డీవియేషన్ రిపోర్టులో కారణం ‘మానవ తప్పిదం’, పరిష్కారం ‘మళ్లీ శిక్షణ’ అని రాసి ఫైలు మూసేస్తారు. నేర్చుకోవాల్సింది అక్కడే పోతుంది. చల్లబరిచే వేగం గంటకు ఎన్ని డిగ్రీలో, అది దాటితే ఏమవుతుందో రికార్డులోకి ఎక్కించాలి.

ఎవరికి ఏ పని ఎంత వచ్చో చూపే పట్టిక, స్కిల్ మ్యాట్రిక్స్, చాలాచోట్ల ఉంది. చూశాడు, పక్కన ఒకరుంటే చేస్తాడు, ఒంటరిగా చేస్తాడు, నేర్పగలడు అని నాలుగు మెట్లు. ఆడిట్ ముందు రోజు సూపర్‌వైజర్ కూర్చుని నింపే మ్యాట్రిక్స్‌ని మాత్రం నమ్మలేం. ఒంటరిగా చేయగలవాడు ఒక్కడే ఉన్న పనులను ముందు ఏరాలి. అతను సెలవులో ఉన్నప్పుడు రెండోవాడితో బ్యాచ్ తీయించి, వడపోత సమయాన్నీ దిగుబడినీ పాత బ్యాచ్‌లతో పోల్చాలి. 90 రోజుల నోటీసులో చివరి వారం పెట్టే హ్యాండోవర్‌లో ఇవేవీ తేలవు.

నేర్పితే తన ఓవర్‌టైమ్ పోతుందనుకునే ఆపరేటర్ నోరు విప్పడు. అందుకే నాలుగో మెట్టుకి విడిగా అలవెన్సు ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికుల సంగతి ఇంకా విడ్డూరం. సెంట్రిఫ్యూజ్ దగ్గర ఏళ్లుగా నిలబడ్డవాళ్ల పేర్లు కూడా చాలా మ్యాట్రిక్స్‌లలో కనిపించవు.